తాడు లెక్కలో తప్పిన పాతిక సెంటీమీటర్లు

లెక్క సరిగ్గా చేసిన పిల్లకి సున్నా వేశారు. తప్పు చేసిన ఏడుగురికి అయిదేసి మార్కులు వేశారు. ఆ అయిదు మార్కులు తగ్గినందుకు ఆ పిల్లని పదకొండో తరగతిలో గణితం వైపు రానివ్వలేదు.

ఇది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. ఎర్ర పెన్సిలుతో ఆ సున్నా చుట్టింది నేనే.

బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్లో చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే మాత్రం తడుముకుంటారు. ఇది మీ కోసమే రాస్తున్నాను. చదవలేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళచేత చదివించుకుని వినండి. నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. కానీ లెక్క దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కాగితం, పెన్సిలు తీసుకుని మీరూ చేసి చూడండి. నా మాట నమ్మొద్దు. నా మాట నమ్మడం వల్లే ఇదంతా జరిగింది.

నేను అయిదో తరగతి దాకా చదివి రైల్వేలో గేంగ్‌మేన్‌గా చేరాను. పట్టాలు సరిచేసే గుంపుని గేంగు అంటారు, ఆ గుంపు పెద్దని మేటు అంటారు. పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశాక పట్టాల కింద పరిచే స్లీపరు ఒకటి జారి కుడికాలి మీద పడింది. మూడు వేళ్ళు పోయాయి. బరువు పనికి పనికిరాడని రైల్వే డాక్టరు రాశాడు. అలా పనికిరానివాళ్ళని మా రోజుల్లో ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టేవారు. నన్ను రైల్వే పిల్లలు చదివే బడిలో లేబ్ అటెండరుగా వేశారు. ఏ బడో చెప్పను. సీసాలు కడగడం, తాళాలు వేయడం, పాత పుస్తకాలు కట్టలు కట్టడం నా పని.

ఆ కట్టల్లోంచే చదువుకున్నాను. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకానికి రెండేళ్ళు పట్టింది. పదికి మరో రెండేళ్ళు. పదకొండో తరగతి పుస్తకం తెరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక అంకె మరో అంకె దగ్గరికి వెళుతూనే ఉంటుందట, ఎప్పటికీ చేరదట, అయినా ఎక్కడికి వెళుతోందో కచ్చితంగా చెప్పవచ్చట. పుస్తకం మూసేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దేవుడి గురించి ఎవరూ నాకు అంత బాగా చెప్పలేదు. ఆ పుస్తకం నేను ఇప్పటికీ పూర్తి చేయలేదు.

అందుకే నాకు తెలుసు, పదో తరగతి దాటాక పిల్లలకి ఏం జరుగుతుందో. పది దాకా అందరికీ ఒకటే లైను. పదకొండులో, పట్టాలు రెండుగా చీలే చోటులాగా, పాయింటు మారుతుంది. గణితం తీసుకున్నవాళ్ళకి పెద్ద చదువుల దారులన్నీ తెరిచి ఉంటాయి. కళా వర్గంలో, అంటే ఆర్ట్సులో, పడితే మళ్ళీ గణితం మొహం చూసే వీలు లేదు. పదహారేళ్ళ పిల్ల మీద జీవితాంతానికీ సరిపడా తీర్పు అది. పది ప్లస్ రెండు పద్ధతి అప్పటికింకా కొత్త, ఎనభైల చివరి మాట. మా బడిలో గణిత వర్గానికి ముప్ఫై ఆరు సీట్లే. అడిగేవాళ్ళు వందమంది. కనుక జూన్ ఆఖరున బడే ఒక పరీక్ష పెట్టుకునేది.

ఆ పరీక్ష లెక్కల మాస్టారిది. మస్తూరీ వైపు రైతుబిడ్డ, నాకంటే చిన్నవాడు, నన్ను ‘కాకా’, అంటే బాబాయ్, అనేవాడు. నేను చదువుకుంటానని తెలిసిన మొదటి మనిషి ఆయనే. ఆ ఏడాది ప్రశ్నపత్రం తయారుచేస్తూ నన్ను పిలిచి, “కాకా, అందరూ రైలు పిల్లలే కదా, చివరి ప్రశ్నకి ఒక రైలు లెక్క ఇవ్వు” అన్నాడు.

నా గుండె ఎంత పొంగిందో ఎలా చెప్పను! ఇచ్చాను. మా తాడు లెక్క ఇచ్చాను.

అదేమిటంటే, పట్టా వంపు తిరిగిన చోట ఇరవై మీటర్ల తాడు తీసుకుని, బయటి పట్టా లోపలి అంచుకి రెండు చివర్లా ఆనించి బిగబడతాం. తాడు తిన్నగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన తాడుకీ పట్టాకీ మధ్య ఎడం ఎంతుందో స్కేలుతో కొలుస్తాం. తాడు పొడవుని తాడు పొడవుతో గుణించి, ఎడానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే, ఆ వంపు ఎంత పెద్ద చక్రంలో ముక్కో తెలుస్తుంది. ఎడం అయిదు సెంటీమీటర్లుంటే చక్రం వ్యాసార్ధం వెయ్యి మీటర్లు. మా మేటు నాకు నోటితో చెప్పాడు. ఆయనకి ఆయన మేటు చెప్పాడు. గేంగు పుస్తకంలో అచ్చయి కూడా ఉంది.

ప్రశ్నలో నేను తాడు ఇరవై మీటర్లు, ఎడం అరమీటరు అని పెట్టాను. అంత మెలిక ఉన్న లైను మీద ఇంజను నిలబడదు. అయినా కాగితం మీద అంకెలు గుండ్రంగా రావాలని సోకు. నాలుగొందలని నాలుగుతో భాగిస్తే వంద. జవాబుల కాగితం మీద ‘నూరు మీటర్లు’ అని రాశాను. “పట్టాల సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు కాకా” అని మాస్టారు సంతకం పెట్టేశాడు. పరీక్ష అయిన మర్నాడే ఆయన్ని వేరే ఊరికి డ్యూటీ మీద పంపారు. జవాబులు చూసి టిక్కులు పెట్టడమే కదా అని ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చి వెళ్ళాడు. అది నియమం కాదు. ఇద్దరికీ తెలుసు.

చివరి ప్రశ్న చాలామంది ముట్టుకోలేదు. ఏడుగురు వంద రాశారు. అందరూ గేంగు పిల్లలే, సగంమందికి వరండాలో ఆ చిట్కా నేనే నేర్పాను. పెద్ద పెద్ద టిక్కులు పెట్టాను. ఒక్క కాగితం మీద మాత్రం ‘100.25’ అని ఉంది. నవ్వొచ్చింది. దాన్ని ఆఫీసు గుమస్తాకి చూపించాను కూడా. “ఈ పాతిక సెంటీమీటర్లు ఏ దుకాణంలో కొన్నదో!” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత సున్నా చుట్టాను.

జూలై మొదటి వారంలో జాబితా అంటించారు. మర్నాడు వానలో తడుస్తూ మా పాత గేంగుకి ఇప్పుడు మేటుగా ఉన్నవాడు వచ్చాడు. నాతోపాటే చేరినవాడు, తోర్వా అవతల ఉంటాడు, శ్రీకాకుళం వైపు మాటే ఇంకా. వెనకాల వాళ్ళమ్మాయి. 100.25 రాసిన పిల్ల.

“బావా, మా గుంట నిన్నట్నించీ అన్నం ముట్టలేదు. ఆ తప్పెక్కడో నువ్వు సెప్పెయ్యి. తెలిసిపోతే ఊరుకుంటాది” అన్నాడు.

నేను ధీమాగా కాగితం తీశాను. “ఇదుగో చూడమ్మా. తాడు ఇరవై. ఇరవై ఇరవైలు నాలుగొందలు...”

“ఆ సూత్రం నాకూ తెలుసు మావా” అంది. “నాన్నకి స్కేలు మీద అంకెలు కనపడవు కదేటి. సెలవుల్లో నేనే సదివి రాసేదాన్ని.”

“తెలిసీ ఇలా రాశావేటి మరి?”

“మొదట వందే రాసేను. టైముంది కదాని సూత్రాన్ని ఓపాలి పరీక్ష సేసేను.”

“సూత్రాన్నా? నువ్వా?”

“తాడు సరిగ్గా సక్రం నడిమధ్యనుంచి పోతే ఏటవుతాదని సూసేను మావా. అప్పుడు తాడే వ్యాసం. ఇరవై. వ్యాసార్ధం పది. ఎడమూ పదే. అవునా?”

“అవును.”

“మరి మీ సూత్రం పెట్టండి.”

నాలుగొందలు. కింద పదికి ఎనిమిది రెట్లు, ఎనభై. భాగించాను. అయిదు.

మళ్ళీ భాగించాను. అయిదే.

“పది రావాల” అంది ఆ పిల్ల, నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా. “అయిదొచ్చింది. అంటే మీ సూత్రం ఏదో మింగేస్తంది.”

పద్దెనిమిదేళ్ళు ఎండలో, వానలో ఆ తాడు పట్టుకున్నాను. తాడుని చక్రం నడిమధ్యకి లాగి చూడాలని ఒక్కనాడు తోచలేదు. నాకే కాదు, మా మేటుకి గాని, ఆయన మేటుకి గాని, ఎవరికీ తోచలేదు.

“ఏం మింగేస్తోంది?” అన్నాను.

సుద్దముక్క అడిగి తీసుకుని వరండా నేల మీద కూర్చుంది. “మీరు వంపు ముక్కే గీసి ఊరుకుంటారు. సక్రం మొత్తం గియ్యాల” అంటూ చక్రం గీసింది. పైన అడ్డంగా తాడు గీత. చక్రం పై అంచు నుంచి, తాడు నడుమగా, నిలువుగా చక్రం అడుగుదాకా ఇంకో గీత.

“తాడుకి ఇటు పది, అటు పది. గుణించండి.”

“వంద.”

“రెండు గీతలు సక్రంలో ఒకదాన్నొకటి కోసుకుంటే, దీని రెండు ముక్కల గుణకారం, దాని రెండు ముక్కల గుణకారం ఒకటే. పదో తరగతి పుస్తకంలోదే.”

“నేనూ చదివాను.”

“నిలువు గీతకి పై ముక్కే మీ ఎడం, అరమీటరు. గుణిస్తే వంద అవ్వాలంటే కింది ముక్క ఎంత?”

“రెండొందలు.”

“మొత్తం గీత?”

రెండొందలని నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. పై ముక్క ఉంది కదా! రెండొందల అర. అదీ వ్యాసం. అందులో సగం నూరు మీటర్ల పాతిక సెంటీమీటర్లు.

మా తాడు లెక్క ఇన్నాళ్ళూ ఆ పై ముక్కని కలపడం లేదు. అసలు పట్టాల మీద ఎడం అయిదు సెంటీమీటర్లు, ఆరు సెంటీమీటర్లు. వెయ్యి మీటర్లలో రెండున్నర సెంటీమీటర్ల తేడా ఎవడికి కనిపిస్తుంది? గుండ్రటి అంకెల మోజులో నేను అరమీటరు పెట్టాను, తప్పు బయటికి వచ్చి నిలబడింది. దాన్ని చూసింది ఆ పిల్ల ఒక్కర్తే.

వాన జల్లు వరండాలోకి కొడుతోంది, ఒక పక్క సుద్దగీత చెరిగిపోతోంది. నేను అలాగే చూస్తున్నాను. కొండనో, సముద్రాన్నో మొదటిసారి చూసినప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

మేటు మా ఇద్దరి మొహాలూ చూసి, “ఏటి బావా, తప్పేనా?” అన్నాడు.

“తప్పేరా. నాది” అన్నాను.

రెండు రోజులకి మాస్టారు తిరిగొచ్చాడు. ఆయన్ని ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళి బోర్డు మీద చక్రం గీసి చూపించాను. చూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. “తాడుని వ్యాసం చేసిందా?” అని రెండుసార్లు అడిగాడు. “కాకా, నేను ఎమ్మెస్సీ. ఆ ప్రశ్న చదివి, జవాబు చదివి, సంతకం పెట్టాను” అని తలపట్టుకున్నాడు. లేచాడు. “పద. ప్రిన్సిపాల్ దగ్గరికి. ఆ అమ్మాయినీ రమ్మను.”

ప్రిన్సిపాల్ చెడ్డవాడని అనను. హిందీ సాహిత్యం చెప్పిన మనిషి, అంకెలంటే భయం. దిద్దింది నేనేనని ఒప్పుకున్నాను. నా చేతిలోంచి ఎర్ర పెన్సిలు లాక్కుని సొరుగులో పడేశాడు. మెమో ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. తర్వాత గేంగు పుస్తకం తెప్పించి, అచ్చులో ఉన్న సూత్రం మీద వేలు పెట్టాడు.

“ఇది రైల్వే పుస్తకం. ఇది రైల్వే బడి. రైల్వే సూత్రం తప్పని నేనెలా రాయను? రేపు పై ఆఫీసు అడిగితే ఏం చెప్పను, పదో తరగతి అమ్మాయి చెప్పిందనా?”

“సార్, లెక్క మీ కళ్ళముందే ఉంది” అన్నాడు మాస్టారు.

“లెక్క ఉంటే సరిపోదు భాయ్, కాగితం ఉండాలి. ఇంజనీరింగ్ విభాగం రాతపూర్వకంగా ఇవ్వనీ, చూస్తాను. ఆగస్టు ఆఖరుకి బోర్డుకి పేర్లు పంపాలి. అప్పటిదాకా గడువు.” తర్వాత నా వైపు తిరిగాడు. “అచ్ఛా, ఒకవేళ ఇదే సరైతే, వంద రాసిన ఏడుగురి మార్కులూ తీసెయ్యమంటావా?”

ఆ ఏడుగురిలో నలుగురు జాబితాలో ఉన్నారు. వాళ్ళ తండ్రులు మేటు కింద పనిచేసేవాళ్ళు.

ఆ పిల్ల హిందీలో అంది. “వాళ్ళవి తియ్యొద్దు సార్. వాళ్ళకి నేర్పినదే వాళ్ళు రాశారు. నాకు వెయ్యండి చాలు.”

ఎంత మర్యాదగా అందో! నేర్పినవాడిని నేను, పక్కనే నిలబడి ఉన్నాను.

పది పదులు వంద అని ఒప్పుకోడానికి గేంగు కూతురికి ఇంజనీరు ముద్ర కావాలట. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెద్ద క్వార్టరు నుంచి వచ్చిన పిల్ల అయితే ఆ కాగితం అడిగేవారా?

సాయంత్రం మేటు నన్ను పట్టుకున్నాడు. “వొద్దు బావా. నీకు మెమో వొచ్చింది, రేపు ఉజ్జోగం పోద్ది. గేంగులో నా మొహం ఎలా సూపించీది? మీ పిల్ల కోసం మా పిల్లల సీట్లకి ఎసరెట్టేవంటారు. ఆడపిల్లకి లెక్కలెందుకూ, ఆర్ట్సు సదూకుంటాది.”

“నువ్వు నోర్ముయ్యిరా. స్కేలు చదవడానికి ఆడపిల్ల కావలసి వచ్చింది కదేటి నీకు?” అన్నాను. తల దించుకున్నాడు. “ఇంజినీర్లకి రాసీ కాగితంలో పిల్ల పేరు మాత్రం రాయకు” అన్నాడు.

నాతో కలిసి నవ్విన గుమస్తాయే దారి చూపించాడు. “బడి సంగతని రాస్తే మా విభాగం కాదని వెనక్కి తిప్పేస్తారు. పట్టాల సంగతని రాయి” అన్నాడు. అలాగే రాశాను. ఫలానా సూత్రంలో ఎడంలో సగం కలవడం లేదనీ, మా గేంగువాళ్ళలో ఒకరు కనిపెట్టారనీ, తాడుని వ్యాసం చేస్తే పదికి అయిదు వస్తోందనీ రాసి, చక్రం బొమ్మ గీసి, ఇది తప్పో ఒప్పో తెలుపవలెనని వేడుకున్నాను. గుమస్తా దాన్ని ఇంగ్లీషులో టైపు కొట్టాడు.

జూలై అంతా గడిచింది. ఆ పిల్ల కళా వర్గంలో కూర్చుంది. మాస్టారు పదకొండో తరగతికి సెట్ల పాఠం అయిపోయి త్రికోణమితిలోకి వెళ్ళాడు. ఒక్కో పాఠం అవుతుంటే నాకు బండి స్టేషన్ దాటిపోతున్నట్టే ఉండేది. మధ్యాహ్నం తిండి మానేసి కుంటుకుంటూ ఇంజనీరింగ్ ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఒక బల్ల దగ్గర “సాహెబ్ లైన్ మీదికి వెళ్ళారు” అనేవారు, ఇంకో బల్ల దగ్గర “నీ పాత సర్వీసు గొడవా?” అనేవారు. మూడోసారి వెళితే ప్లాన్లు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మేన్ నా కాగితం చూసి నవ్వాడు. “లెక్క అడగడానికి ఇన్నిసార్లు తిరిగినవాణ్ణి నిన్నే చూశాను” అన్నాడు. అంతకంటే ఏమీ తేలలేదు.

ఆగస్టు మూడో వారంలో ఒకరోజు ఆ పిల్లే లేబ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. “ఇంక వొదిలెయ్యండి మావా. నాది ఒప్పని మీకు తెలిసింది కదా. మాస్టారికి తెలిసింది. చాల్లెండి” అంది. చాల్లెండి అన్న పిల్ల చంకలో కళా వర్గం పుస్తకాలతో పాటు పదకొండో తరగతి గణితం పుస్తకం ఉంది. నేనెక్కడ ఆగిపోయానో ఆ పేజీ కూడా దాటేసింది. ఒకటి రెండు ముక్కలు అడిగాను. చెప్పింది. కొంత అర్థమైంది. అర్థం కానిదాని ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడాలనిపించింది.

నాలుగు రోజులకి కవరు వచ్చింది. చింపకుండా ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు. లేచి నిలబడి మళ్ళీ చదివాడు. ప్రవేశాల రిజిస్టరు తెమ్మన్నాడు. ముప్ఫై ఆరు పేర్ల కింద ముప్ఫై ఏడో పేరు తన చేత్తోనే రాశాడు. క్లాసులో బెంచీ మీద చోటు లేకపోతే లేబ్‌లోంచి స్టూలు నేనే మోసుకెళ్ళాను.

తర్వాత ఆమె ఎక్కడిదాకా వెళ్ళిందో రాయను. రాస్తే మీరు పదవిని చూసి లెక్కని మెచ్చుకుంటారు. పదవేమీ లేనప్పుడే, పదహారేళ్ళప్పుడే, పరీక్ష గంట కొట్టేలోగా ఆ పని చేసింది. మెచ్చుకోవాలంటే దాన్ని మెచ్చుకోండి.

కవరులో ఉన్నది మాత్రం రాస్తాను. ఇంగ్లీషులో వచ్చింది, నాకు చేతనైన తెలుగులో చెబుతున్నాను.

“మీరు పంపిన లెక్క పరిశీలించాము. సరైనదే. గేంగు సూత్రం ఉజ్జాయింపు మాత్రమే. మన లైన్ల మీద తేడా కొలతకు అందదు కనుక వాడుకలో ఉంచాము, ఇకమీదటా ఉంచుతాము. కానీ మీరిచ్చిన అంకెలకు జవాబు నూరు మీటర్ల పాతిక సెంటీమీటర్లే. తాడును వ్యాసం చేసి సూత్రాన్ని పరీక్షించాలన్న ఆలోచన ఈ ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఆ గేంగ్‌మేన్ పేరు, సర్వీసు వివరాలు వెంటనే పంపవలెను. అతడిని డ్రాయింగ్ ఆఫీసులోకి తీసుకోదలచాము.”